పెరట్లో ఈత కొలను: ఇవి మీకు తెలుసా?

పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, లోతు మీటరున్నర. పెరట్లో కట్టించుకునే చిన్న స్విమ్మింగ్ పూల్ అంటే ఇంతే! మరి ఇది నిండాలంటే ఎన్ని నీళ్లు పోయాలో తెలుసా? 48,000 లీటర్లు! వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది ఖాళీ అయినా నిండదు. పదోదానికి ఫోన్ కొట్టాల్సిందే!

గొయ్యి తవ్వారు. మట్టి గట్టున పోశారు. అదే మట్టిని మళ్లీ గోతిలో పోస్తే పడుతుందా? పట్టదు! తవ్విన మట్టి గుల్లబారి ఉబ్బుతుంది. మామూలు మట్టయితే సుమారు 25 శాతం పెరుగుతుంది! అందుకే గొయ్యి కొలతలు పట్టుకుని టిప్పర్లు లెక్కేస్తే దెబ్బతింటారు. నాలుగు ట్రిప్పులనుకున్నది ఐదవుతుంది!

ఇది వింటే నోరు తెరుస్తారు. కాంక్రీటు కొలను భూమిలోంచి పైకి తేలగలదు! నిండుగా ఉన్నంతసేపూ 48 టన్నుల నీటి బరువు దాన్ని అదిమి పెడుతుంది. వానాకాలంలో భూగర్భజలం పైకొచ్చిన వేళ, కడుగుదామని నీళ్లన్నీ తోడేశారో... కింది నీరు కొలనును ఎత్తేస్తుంది! అందుకే అడుగున ఓ చిన్న వాల్వు బిగిస్తారు. కింద ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని, ఆ నీటిని కొలనులోకే రానిస్తుంది.

కొలను గోడలకు కాంక్రీటును గొట్టంతో జోరుగా చిమ్మడం ఎప్పుడైనా చూశారా? దానికి మూలమైన యంత్రాన్ని కనిపెట్టింది ఎవరో చెప్పుకోండి. ఇంజినీరు కాదు, మేస్త్రీ అసలే కాదు. చనిపోయిన జంతువుల తోళ్లతో నిలువెత్తు బొమ్మలు చేసే కళాకారుడు! పేరు కార్ల్ ఏక్లీ. షికాగోలో పెచ్చులూడుతున్న ఓ మ్యూజియం గోడలకు పూత వేయడానికి 1907లో దీన్ని తయారుచేశాడు!

ఇన్ని నీళ్లలో క్రిములు చావాలంటే ఎంత క్లోరిన్ ఉండాలి? బస్తాలు బస్తాలా? కాదు! సుమారు 100 గ్రాములు కరిగి ఉంటే చాలు! కానీ దానికో పగవాడున్నాడు. ఎండ! మిట్టమధ్యాహ్నం గంట తిరక్కుండానే సగం క్లోరిన్ హరీ! అందుకే తెలిసినవాళ్లు మందును పొద్దువాలాకే కలుపుతారు.

ముక్కు పుటాలదిరే ఆ వాసన గుర్తుందా? కళ్లు మండించే ఆ ఘాటు? “అబ్బ, బాగా క్లోరిన్ వేశారు” అనుకుంటాం. తప్పు! చెమటతో, మూత్రంతో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే వాయువుల కంపు అది. శుభ్రమైన కొలనుకు వాసనే దాదాపు ఉండదు! మందేమిటో తెలుసా? దిగే ముందు 1 నిమిషం షవర్ కింద నిలబడటం. ఒంటి మీది మురికిలో చాలా భాగం అక్కడే పోతుంది!

గ్లాసులో పోస్తే రంగు లేదు. కొలనులో పోస్తే నీలం! ఆకాశం నీడ పడిందంటారా? పైకప్పున్న కొలను కూడా నీలంగానే ఉంటుంది, తెల్ల టైల్స్ వేసినా సరే! నీళ్లకే లేత నీలం రంగుంది. వెలుగులోని ఎరుపును మింగేసి నీలాన్ని వదిలేస్తాయి. ఆ తేడా మన కంటికి ఆనడానికి మీటరున్నర లోతు చాలు!

ఆ నీలం రంగే కొంపలు ముంచింది! 2010 నాటి మాట. ఏథెన్స్ నగరపు సంపన్న శివార్లలో, మా ఇంట్లో ఈత కొలనుందని పన్ను కాగితాల్లో రాసినవాళ్లు 324 మంది. అధికారులు ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని లెక్కపెట్టారు. ఎన్ని తేలాయో ఊహించండి. 16,974!

ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలను ఏఐకి అప్పగించింది. పెరట్లో నీలం మచ్చ కనబడితే చాలు, పట్టేసింది! 2022 నాటికి పన్ను కట్టని కొలనులు 20,000కు పైగా దొరికాయి. గోడల చాటున దాచినా ఆకాశానికి కళ్లున్నాయి మరి!

కొలను లోతును కంటితో కొలవకండి! నీళ్లు మనల్ని మోసం చేస్తాయి. వెలుతురు వంగి రావడం వల్ల అడుగు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. పై నుంచి చూస్తే మీటరున్నరే అనిపించే చోట నిజంగా ఉండేది 2 మీటర్లు! ఆరడుగుల మనిషి కూడా మునిగిపోతాడు!

నీళ్లను వడకట్టేది ఏమిటో తెలుసా? ఇసుక! రేణువు అర మిల్లీమీటరు ఉంటుందంతే. ఇంకో గమ్మత్తు వినండి. కొత్త ఇసుక కంటే కాస్త మురికి పట్టిన ఇసుకే బాగా వడకడుతుంది! రేణువుల మధ్య సందులు సన్నబడి, ఇంకా చిన్న మట్టి కణాలను పట్టేస్తాయి. అందుకే నీటిని వెనక్కి తిప్పి ఇసుకను కడిగే బ్యాక్‌వాష్ ఊరికే చేయకూడదు. ఫిల్టర్ మీది మీటరులో ఒత్తిడి పెరిగాకే చేయాలి.

మండుటెండలోనూ కొలను నీళ్లు సలసల కాగిపోవేం? మన మట్టికుండ చేసే పనే ఇక్కడా జరుగుతుంది! ఆవిరయ్యే నీరు మిగతా నీటి వేడిని లాక్కుపోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే చాలు, సుమారు 580 లీటర్లు ఒక డిగ్రీ చల్లబడతాయి! అయితే ఆ చల్లదనానికి మీరు నీళ్లతోనే ధర చెల్లిస్తున్నట్టు!

చక్రాల పలక మీద పిల్లలు గాల్లోకి ఎగిరే స్కేట్‌బోర్డింగ్ చూశారుగా? ఆ గాల్లో విన్యాసాలు ఊపందుకున్నది ఈత కొలనుల్లోనే! 1976లో కాలిఫోర్నియాలో కరవొచ్చింది. పెరటి కొలనులు ఎండిపోయాయి. కుర్రాళ్లు గోడలు దూకి లోపలికి దిగారు. ఒంపు తిరిగిన గోడల మీద రయ్యిమని పైకి! ఆ ఆట టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అక్కడి పోటీ గుంతలకు నమూనా ఆ ఖాళీ కొలనులే!

కొలనులోకి ఎవరో దూకారు. నీళ్లు ఎగిసిపడ్డాయి. రెండు సెకన్లలో సద్దుమణిగాయి. 1967లో చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మ వేసింది సరిగ్గా ఆ క్షణాన్నే! దూకిన మనిషి కనిపించడు, చిమ్మిన నీళ్లే కనిపిస్తాయి. ఆ కాస్త తుంపరను గీయడానికి ఆయనకు పట్టింది 2 వారాలు!

వాటర్‌ప్రూఫింగ్ ఈ కాలపు విద్య అనుకుంటున్నారా? మొహెంజొదారోలోని మహాస్నానవాటికను చూడండి! 12 మీటర్ల పొడవు. ఇటుకను ఇటుకకు ఇరికించి కట్టారు. నీరు ఇంకకుండా తారు పూత పూశారు. ఇదంతా నాలుగు వేల ఏళ్ల కిందటే!

ఊరెళ్తూ పంపు కట్టేసి వెళ్తున్నారా? ఆగండి! క్లోరిన్ అయిపోయి, కదలని నీళ్లంటే దోమలకు పండగే. గుడ్డు పెట్టిన 7 నుంచి 10 రోజుల్లో కుట్టే దోమ తయారు! మీరు తిరిగొచ్చేసరికి కొలను నిండా అతిథులే!

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆస్ట్రేలియాలో ఎంత లోతు దాటితే కొలనుకు కంచె తప్పనిసరో తెలుసా? 30 సెంటీమీటర్లు! మన మోకాలి దాకా కూడా రావు! గేటు దానంతటదే మూసుకోవాలి కూడా. ఎందుకంటే పసివాళ్లు మునిగేటప్పుడు చాలాసార్లు చప్పుడే ఉండదు. మీరూ కొలను కట్టిస్తున్నారా? ముందు కంచె వేయించండి. ఆ తర్వాతే ట్యాంకర్‌కు ఫోన్ చేయండి!