కథ గుట్టు, తుపాకి నిజం

మా బడి గోడపత్రికకి తొమ్మిదో తరగతి కుర్రాడొకడు కథ ఇచ్చాడు. ఒక ఇంట్లో టెర్రరిస్టులు కొందరిని బందీలుగా పట్టుకుంటారు. కమాండోలు చుట్టుముట్టి, లోపలికి దూకి, టెర్రరిస్టులనందరినీ చంపి బందీలను విడిపిస్తారు. అంతే కథ. రెండు పేజీల్లో మూడు రకాల తుపాకుల పేర్లున్నాయి. ఏ తుపాకిలో ఎన్ని తూటాలు పడతాయో ఉంది. తలుపు పేల్చే ముందు ఎవరు ఏ పక్కన నిలబడాలో ఉంది. చచ్చినవాళ్లకి మాత్రం పేరు లేదు, ఊరు లేదు. "వీళ్లెవర్రా? ఏం కావాలని వచ్చారు?" అని అడిగాను. "టెర్రరిస్టులు సార్" అన్నాడు, ఇంకేం చెప్పాలన్నట్టు.

ఆ కథకి మూలం వీడియో గేముల్లో ఉందని తేలింది. వాడిచేతే ఆడించి చూశాను. నేనూ ప్రయత్నించి మొదటి తలుపు దగ్గరే మూడుసార్లు చచ్చాను. చివరికి ఏమవుతుందని అడిగితే "చెప్పేస్తే మజా పోతుంది సార్" అన్నాడు. కథ గుట్టు ముందే విప్పడాన్ని వాళ్లు స్పాయిలర్ అంటారు. అది పెద్ద నేరం. ఈ రెండు విషయాలు, అంటే తుపాకి విషయంలో అంత నిక్కచ్చితనం, కథ విషయంలో అంత గోప్యత, ఒకదానికొకటి సంబంధం ఉన్నవని నాకు అనిపిస్తోంది. ఇవి ఆటలు, సాహిత్యంతో వీటికేం పని అని కొట్టిపారేయవచ్చు. కాని వాస్తవికత అంటే ఏమిటో మా కుర్రాడు నేర్చుకున్నది కుటుంబరావు దగ్గర కాదు, ఇక్కడ.

ఈ తరహా ఆటల తొలితరంలో 1998లో వచ్చిన 'రెయిన్‌బో సిక్స్' ముఖ్యమైనది. అమెరికన్ నవలాకారుడు టామ్ క్లాన్సీ భాగస్వామిగా ఏర్పడిన రెడ్ స్టార్మ్ సంస్థ దాన్ని తయారుచేసింది. అదే పేరుతో, దాదాపు అదే ఇతివృత్తంతో ఆయన నవల కూడా ఆ ఏడాదే వెలువడింది. అంటే ఆట ఆడినవాడికి నవల గుట్టు తెలిసిపోతుంది, నవల చదివినవాడికి ఆట గుట్టు తెలిసిపోతుంది. ముగింపులు వేరైనా రహస్యం ఒకటే.

ఆట పనితనాన్ని తక్కువ చేయలేం. లోపలికి అడుగు పెట్టక ముందే భవనం నక్షా ముందేసుకుని, జట్లు కట్టి, ఎవరు ఏ దారిన పోవాలో, ఏ సంకేతానికి ఎవరు కదలాలో గీసుకోవాలి. ఒక్క తూటాకే మనిషి పోవచ్చు. పోయిన కమాండో తర్వాతి దాడికి రాడు. అంతకు ముందరి ఆటల్లో పది తూటాలు తిని పరుగెత్తే వీరుడితో పోలిస్తే ఇది నిజానికి దగ్గరే. అయితే ఒకటి గమనించాలి. ఓడినకొద్దీ అదే దాడిని మళ్లీ మళ్లీ ఆడతాం. పదోసారికి ఏ గది మూల ఎవడు దాక్కున్నాడో కంఠతా వస్తుంది. ఆటగాడు తన గుట్టు తానే రట్టు చేసుకుని గెలుస్తాడు. కీచకుడు చస్తాడని తెలిసీ మనవాళ్లు తెల్లవార్లూ నాటకం చూడలేదా? కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల సంగతి వేరు, హంతకుడెవరో చెబితే సగం రసం పోతుంది. ఈ ఆటకి ఆ భయం లేదు. మరి దాస్తున్నదేమిటి?

నేను విప్పేస్తున్నాను. స్విట్జర్లండ్ బ్యాంకు మీద, స్పెయిన్ వినోదాల పార్కు మీద జరిగిన దాడుల వెనక నిజానికి ఉన్నది హొరైజన్ అనే బయోటెక్నాలజీ కంపెనీ అధిపతి బ్రైట్‌లింగ్. నవలలో పాత కె.జి.బి. మనిషినొకణ్ణి పెట్టి దాడులు చేయించేది ఇతనే. జనంలో భయం పెరగాలి, ఆ భయంతో 2000 సిడ్నీ ఒలింపిక్స్ భద్రత కాంట్రాక్టు తనకి అనుకూలమైన సంస్థకి దక్కాలి, అక్కడ ఎబోలా నుంచి తయారుచేసిన వైరస్ వదలాలి. ఆ వైరస్‌కి నవలలో శివ అని పేరు, ఆటలో బ్రహ్మ. (మన దేవుళ్లే దొరికారు!) ఇదంతా ఎందుకంటే ప్రకృతిని కాపాడటానికి మానవజాతిని తుడిచిపెట్టాలట.

మొదట నాకు ఆశ కలిగింది. దుర్మార్గుడు కంపెనీ యజమాని, దాడులు కాంట్రాక్టు కోసం! రచయిత పెట్టుబడి మూలం దాకా వెళ్లాడనుకున్నాను. వెళ్లలేదు. ఈ యజమానికి లాభం గమ్యం కాదు, చెట్ల మీద పిచ్చి. పెట్టుబడిదారుడి తప్పును చెట్లకోసం మాట్లాడేవాడి మీదికి నెట్టేశాడు. అంతకు ముందు తుపాకి పట్టినవాళ్ల రాజకీయమేమో ఎవడో ఆడించిన ఆటగా తేలిపోయింది. చివరికి నవలలో కమాండోలు ఈ ముఠాలో మిగిలినవాళ్లను బట్టలు ఊడదీసి బ్రెజిల్ అడవిలో వదిలేస్తారు. కోర్టు లేదు, విచారణ లేదు. రచయిత దృక్పథమంతా ఈ గుట్టులోనే ఉంది. గుట్టు చెప్పవద్దంటే దృక్పథం మీద విమర్శ చేయవద్దనే. విమర్శకుడు ఆ షరతుకి ఎలా ఒప్పుకుంటాడు?

1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కి రాసిన లేఖలో ఎంగెల్స్ వివరాల్లో నిజం ఉంటే చాలదనీ, ప్రాతినిధ్య పరిస్థితుల్లో ప్రాతినిధ్య పాత్రలు కావాలనీ చెప్పిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. ఈ ఆటల్లో వివరాలున్నాయి, పరిస్థితులు లేవు. 1980లో లండన్‌లో ఇరాన్ రాయబార కార్యాలయాన్ని ఆరుగురు ఆక్రమించారు. వాళ్లు ఇరాన్ చమురు ప్రాంతమైన ఖుజిస్తాన్ అరబ్బులు, అక్కడి ఖైదీల విడుదల కోరారు. ఒక బందీని చంపి శవాన్ని బయట పడేశారు. బ్రిటిష్ కమాండోలు లోపలికి దూకి ఐదుగుర్ని చంపారు. కారణం చెప్పినంత మాత్రాన ఆ హత్యను సమర్థించినట్టు కాదు, కాని కారణం లేకుండా ఆ ఘటన లేదు. రెయిన్‌బో సిక్స్ మొదటి దాడి కూడా లండన్ రాయబార కార్యాలయంలోనే. తలుపు పేల్చే పద్ధతి అందులోకి వచ్చింది, ఖుజిస్తాన్ రాలేదు. అదే వరసలో 2015లో వచ్చిన 'సీజ్'లో వరుస కథనే తీసేశారు. తలుపులూ గోడలూ మిగిలాయి.

వివరాల నిజం చరిత్రను తలకిందులు కూడా చేయగలదు. 1991లో కువైట్ నుంచి బస్రాకి పోయే రోడ్డు మీద వెనక్కి మళ్లుతున్న ఇరాకీ వాహనాల బారు మీద అమెరికా కూటమి విమానాలు బాంబులు కురిపించాయి. దానికి 'మృత్యు రహదారి' అని పేరొచ్చింది. 2019 నాటి 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్'లో ఆ పేరుతోనే ఒక రోడ్డుంది, ఒక కల్పిత దేశంలో. దాని మీద బాంబులు వేసింది రష్యన్లని అందులో ఒక పాత్ర చెబుతుంది. తుపాకి చప్పుడు మాత్రం అచ్చు నిజం తుపాకి చప్పుడే. చెవి నమ్మితే బుద్ధీ నమ్ముతుంది.

కథ కుర్రాడికి తిరిగి ఇచ్చాను. తుపాకులు ఉండనీ, ఆ లోపలివాళ్లలో ఒకడికైనా పేరూ ఊరూ రాసుకురా అన్నాను. వారం తర్వాత పేరు పెట్టుకొచ్చాడు. ఏ ఊరో ఇంకా తేల్చుకోలేదట. ఈ నెల గోడపత్రిక ఆ కథ లేకుండానే వెళ్లింది.