శిరస్త్రాణము ధరింపవలెనా? గాలిపటపు స్వారిని గూర్చి ఒక విచారణ

సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన దినమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు, దుబాయిలో పని చేయుచున్న తన తండ్రి పంపిన ఛాయాచిత్రమొకటి మాకు చూపెను. మన కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలనుండి జీవనోపాధికై గల్ఫు దేశములకు పోయినవారు అనేకులు గలరు. ఆ తండ్రి ఒక సెలవు దినమున ‘కైట్ బీచ్’ అని పేరుగాంచిన సముద్రతీరమునకు పోయి, అచట జనులు పెద్ద గాలిపటములకు తమ దేహములను కట్టుకొని, కాళ్ల క్రింద పలకలతో అలలమీద పరుగెత్తుట చూచి, ఆ వింతను కుమారునికి పంపెను. చిత్రములో కొందరి తలలపై హెల్మెట్లు గలవు. కొందరి తలలు వట్టివి.

బాలుడు అడిగిన ప్రశ్న యిది: “సార్, అందరికిని గాలి ఒక్కటే, నీరు ఒక్కటే గదా! నీళ్లలో పడువానికి హెల్మెట్టు దేనికి? పెట్టుకొన్నవారు పిరికివారా, పెట్టుకొననివారు తెలివి లేనివారా?”

తరగతి యంతయు నవ్వెను. మాకు మాత్రము వెంటనే సమాధానము తోచలేదు. తరువాత విచారించి తెలిసికొనిన సంగతులను, అవి మన బాన్సువాడ బాలబాలికలకును వారి తలిదండ్రులకును గూడ పనికివచ్చునని తలచి, ఇచట వ్రాయుచున్నాము.

గాలిపటముచే మనుష్యుని లాగించుట క్రొత్త యూహ కాదు. ఇంగ్లండు దేశమున బ్రిస్టలు పట్టణమందు జార్జి పోకాక్ అను ఉపాధ్యాయుడొకడు 1826వ సంవత్సరమున గుఱ్ఱములు లేకయే గాలిపటములచే లాగబడు బండికి పేటెంటు పొందెను. ఆయన తన కుమార్తె మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి గాలిపటముచే ఆకాశమునకు ఎత్తించి చూచెను. ఆ మార్తాయే తరువాతి కాలమున డబ్ల్యు. జి. గ్రేస్ అను ప్రఖ్యాత క్రికెట్ ఆటగాని తల్లి యయ్యెను. పరీక్ష చేయు తండ్రికి ధైర్యమున్నదనుట నిస్సందేహము. కాని మనలో ఏ తల్లియు ఆ పరీక్షకు తన బిడ్డను ఇచ్చునని మేము తలంపము!

నేటి ఆటకు మూలమైనది ఫ్రాన్సు దేశపు లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటు పొందిన గాలినింపు పతంగి. దాని అంచులలో గాలి నింపుటచేత అది నీటిలో పడినను మునుగదు. మరల పైకి లేపవచ్చును. అది మన పతంగివలె అరచేతి వెడల్పు కాగితము కాదు. సుమారు 5 మొదలు 15 చదరపు మీటర్ల వస్త్రము. సుమారు 20 మీటర్లకు పైబడిన త్రాళ్లు. ఆ త్రాళ్ల కొస ఆటగాని నడుమునకు బిగించిన పట్టీకి తగిలింపబడి యుండును. నీటిమీద నిలుచు పలకతో ఆడినచో ‘కైట్ సర్ఫింగు’ అనియు, చక్రములు గల పలకతో మైదానమునందు గాని గట్టి ఇసుకమీద గాని ఆడినచో ‘కైట్ లాండ్ బోర్డింగు’ అనియు పేరు. మన దేశమున తమిళనాడులోని రామేశ్వరము, తూత్తుకుడి తీరములందు నీటిమీది ఆటను నేర్పుచున్నారు. 2024లో పారిసు ఒలింపిక్ క్రీడలలో ఇది మొదటిసారి చేరినది. ఆ పందెములు మార్సేయి సముద్రతీరమున జరిగినవి. పందెగాండ్రు హెల్మెట్లు ధరించియే పాల్గొనిరి.

ఇపుడు అపాయము ఎట్లు కలుగునో చూతము. గాలి వేగము రెండింతలైనచో అది లాగెడి బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. గంటకు 15 కిలోమీటర్ల గాలిలో సుఖముగా ఆడుచున్నవానిని, మేఘము క్రమ్మి 30 కిలోమీటర్ల విసురు వచ్చినచో, నాలుగు రెట్ల బలము ఒక్కసారిగా లాగును. అట్టి సమయమున ఆటగాడు పైకెత్తబడి, తాను కోరని చోట పడును.

మైదానమున పడువానికి క్రింద నున్నది గట్టి నేల. చక్రము రాతికి తగిలి పలక ఆగినను గాలిపటము ఆగదు; అది మనుష్యుని ముందునకు ఈడ్చును. చేతులు పట్టుకఱ్ఱమీద నుండుటచేత నేలకు ఆనించుకొనుటకు వ్యవధి యుండదు. కనుక లాండ్ బోర్డింగునందు హెల్మెట్టు ధరింపవలెనా యను ప్రశ్నకు రెండవ పక్షమే లేదు, ధరింపవలసినదే.

నీటిమీద సంగతి కొంత భిన్నము. లోతైన నీరు నేలవలె తలను పగులగొట్టదన్నది నిజమే. అయినను ఆటగాని తల తగులునది నీటికే అని ఎవరు చెప్పగలరు? మొదటిది, అతని పలకయే అతనికి శత్రువు కావచ్చును. పలక పోకుండుటకు దానిని సాగెడి త్రాటితో దేహమునకు కట్టుకొన్నచో, పడిన క్షణమున అది సాగి, వదలిన వింటినారివలె వెనుకకు వచ్చి తలను కొట్టును. రెండవది, తీరము దగ్గఱ నీరు మోకాలి లోతే యుండును; అడుగున రాళ్లుండును. మూడవది, గాలి విసురు ఆటగానిని ఒడ్డుమీది గోడవైపునకో, కట్టి యుంచిన పడవవైపునకో కొనిపోవచ్చును. నాలుగవది, తోడి ఆటగాండ్ర పలకలు. ఒలింపిక్ పందెములలో పలక క్రింద కత్తివంటి రెక్క యుండును. వేగము గంటకు 60 కిలోమీటర్లను మించును. అట్టి రెక్క తలకు తగిలిన ఏమగునో వేరుగా చెప్పనక్కఱలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది: నేలమీద స్మృతి తప్పినవాడు పడి యుండును, నీటిలో స్మృతి తప్పినవాడు మునిగిపోవును. కావున నీటిమీద చిన్న దెబ్బయు పెద్ద దెబ్బయే.

హెల్మెట్టు తలను ఎట్లు కాపాడును? దాని పైచిప్ప గట్టిదగుటచేత నని అనేకులు తలంతురు. అది సగము సమాధానమే. రెండు గ్రుడ్లను ఒకే యెత్తునుండి, ఒకటి గచ్చుమీదను, ఒకటి మడతలు పెట్టిన దుప్పటిమీదను విడువుడు. వేగము ఒక్కటే, కాని ఒకటి పగులును, ఒకటి నిలుచును. దుప్పటి చేసిన యుపకారమేమనగా, గ్రుడ్డు ఆగుటకు కొంత దూరము నిచ్చినది.

దీనికి లెక్క సులభము. తల 150 సెంటీమీటర్ల యెత్తునుండి పడినదనుకొనుడు. నేలను తాకునప్పటికి దాని వేగము గంటకు సుమారు 20 కిలోమీటర్లు. పడిన యెత్తును, తల ఆగుటకు పట్టిన దూరముచే భాగించినచో, భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల తాకిడి తగులునో తెలియును. వట్టి తల 2 మిల్లీమీటర్లలో ఆగినచో 750 రెట్లు. హెల్మెట్టు లోపలి థర్మాకోలువంటి పొర నలిగి 2 సెంటీమీటర్ల దూరము నిచ్చినచో 75 రెట్లు మాత్రమే. ఆ పొర తాను నలిగి మన మెదడును నలుగనీయదు. అందువలన నలిగి పనిచేసెడి సైకిలు, మోటారుసైకిలు హెల్మెట్టు ఒకసారి గట్టి దెబ్బ తిన్న తరువాత, పైకి చక్కగా కనబడినను, పనికిరాదు. ఏ హెల్మెట్టును సర్వరక్ష కాదనియు గ్రహింపవలయును. తల గిఱ్ఱున తిరిగినపుడు మెదడునకు కలుగు హానిని అది కొంతవఱకే తగ్గించును.

ఇక హెల్మెట్టు వలదనువారి వాదములను న్యాయముగా వినవలయును. హెల్మెట్టు వదులుగా నుండినచో, వేగముగా పడినపుడు నీరు దాని అంచులోనికి జొచ్చి, బొక్కెనవలె నిండి, మెడను వెనుకకు లాగునని వారందురు. చెవులు కప్పబడి గాలి సవ్వడియు తోడివారి కేకయు వినరావందురు. హెల్మెట్టు గలవాడు మితిమీరిన సాహసమునకు దిగుననియు అందురు.

ఈ మూడు మాటలలోను సత్యము గలదు. కాని మొదటి రెండును తగని హెల్మెట్టును గూర్చిన మాటలు. మోటారుసైకిలు హెల్మెట్టుతో నీటిలో దిగువాడు నిజముగా బొక్కెననే తలకెత్తుకొనును. నీటి ఆటలకై చేసిన హెల్మెట్టు తేలికగా నుండి, తలకు అంటి యుండి, నీరు బయటకు పోవు రంధ్రములును, చెవియొద్ద సందులును కలిగి యుండును. ఐరోపాలో నీటి ఆటలకు ‘ఇ.ఎన్. 1385’ అనియు, సైకిలు, చక్రపు పలకల ఆటలకు ‘ఇ.ఎన్. 1078’ అనియు వేర్వేరు ప్రమాణము లేర్పరచిరి. మన దేశమున మోటారుసైకిలు హెల్మెట్టుకు ‘ఐ.ఎస్. 4151’ అను ప్రమాణమును, ఐ.ఎస్.ఐ. ముద్రయు గలవు. దేనికి చేసినది దానికే తగును. మూడవ మాట హెల్మెట్టు దోషము కాదు, ధరించినవాని దోషము. గాలి చూడక, ఒడ్డునుండి సముద్రమువైపు వీచు గాలిలో దిగువానికిని, ఆపదలో గాలిపటమును విడిచెడి మీట వాడుక నేర్వనివానికిని ఏ హెల్మెట్టును రక్ష కానేరదు.

ఈ విషయమున లోకము కన్ను తెరచిన విధమొకటి చెప్పెదము. ‘అరేబియా లారెన్సు’ అని ప్రసిద్ధి గన్న టి. ఇ. లారెన్సు 1935 మే నెలలో మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడెను. తలకు దెబ్బ తగిలి ఆరు దినములకు మృతినొందెను. హెల్మెట్టు లేదు. చికిత్సకు వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను శస్త్రవైద్యుడొకడు. ఆయన ఆ మరణమును మఱువక, సైనికుల ప్రమాదములను పరిశీలించి, 1941లో హెల్మెట్టు విలువను తెలుపు వ్యాసమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే బ్రిటిషు సైన్యము తన మోటారుసైకిలు వార్తాహరులకు దానిని నిర్బంధము చేసెను. తరువాత అనేక దేశముల పరిశోధనలను కూర్చి 2008లో వెలువడిన సమీక్షలో, హెల్మెట్టు మోటారుసైకిలు ప్రమాదములలో మరణమును సుమారు నూటికి 42 వంతులును, తల గాయములను 69 వంతులును తగ్గించునని తేలినది.

ఇట్లు విచారించుచుండగా మాకు మా తప్పిదమే జ్ఞప్తికి వచ్చెను. గత వర్షాకాలమున మేము వర్ని మార్గమున మోటారుసైకిలుపై బాన్సువాడకు వచ్చుచుండగా గేదె యొకటి అడ్డము వచ్చినది. మేము పడితిమి. హెల్మెట్టు తలపై నున్నది గాని, ఉక్కగా నున్నదని గడ్డము క్రింది పట్టీ బిగింపలేదు. మేము పడకమునుపే అది మమ్ము విడిచి వరిమడిలో పడెను. తలకు అయిదు కుట్లు పడినవి. హెల్మెట్టును తెచ్చి యిచ్చిన రైతు దానిని త్రిప్పి చూచి, “సారూ, టోపీకేం గాలే, తలకాయనే పలిగింది” అనెను. పాఠశాలలో పాఠము చెప్పు మాకు అంతకంటె మంచి పాఠమును ఎవరును చెప్పలేదు.

తలిదండ్రులారా! ప్రతి ఉదయమున మా పాఠశాల ద్వారమువద్ద మేము చూచుచున్న దృశ్యమును గూర్చి ఒక మాట. తండ్రి తలపై హెల్మెట్టు. వెనుక కూర్చున్న బిడ్డల తలలు వట్టివి. తండ్రి తల నేలకు తగులు వేగముతోనే బిడ్డ తలయు తగులును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, నాలుగేండ్లు దాటిన ప్రతివాడును ధరింపవలెనని చెప్పుచున్నది; అంతకంటె చిన్నవారికిని తగిన హెల్మెట్టు పెట్టవలెనని 2022లో నియమము చేసిరి. ఆ 2022వ సంవత్సరమున మన దేశమున హెల్మెట్టు లేక ద్విచక్ర వాహన ప్రమాదములలో మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ఈ రెండవ సంఖ్యను దయచేసి మరి యొకసారి చదువుడు.

బాలబాలికలారా! మీ పతంగులు మిమ్ము ఆకాశమునకు ఎత్తవు. కాని ఆకాశమును చూచుచు డాబామీద వెనుకకు అడుగులు వేయువానిని అవి నేలకు దింపగలవు. ఆ దింపుటలో వేగము, మూడు మీటర్ల యెత్తునుండి, గంటకు సుమారు 28 కిలోమీటర్లు. అచట మీకు కావలసిన శిరస్త్రాణము పిట్టగోడ; అది లేనిచోట మైదానమునకు పొండు. నైలాను మాంజాను ముట్టకుడు. 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినది. దారిన పోవువాని గొంతును అది కోయును. తలపై నున్న హెల్మెట్టు గొంతును కాపాడలేదు.

ఇక ఆ బాలుని ప్రశ్నకు మా యుత్తరము. హెల్మెట్టు ధరించినవాడు పిరికివాడు కాడు. తన తల దేనికి తగులవచ్చునో ముందుగా ఆలోచించి, దానికి తగినదానిని, తనకు సరిపోవుదానిని, పట్టీ బిగించి ధరించినవాడు వివేకి. నేలమీద ఎల్లప్పుడును ధరింపవలయును. నీటిమీదను, ముఖ్యముగా నేర్చుకొనువారును, లోతు తక్కువ చోట ఆడువారును, పందెములాడువారును ధరింపవలయును. ఈ మాటలనే తండ్రికి వ్రాయుమని మేము వానితో చెప్పితిమి. వాడు తలయూపి, “ఆయన అక్కడ పనికి బండిమీదనే పోవును సార్, ముందు పట్టీ సంగతి వ్రాసెదను” అనెను.