స్కానరు కన్నా ముందే నిర్ణయమయ్యే చిత్రం

వరంగల్ కాశిబుగ్గకు సమీపంలోని ఏనుమాముల మార్కెట్టుకు పత్తి తెచ్చే రైతుల చేలలో, దీర్ఘకాలం బెట్ట తరువాత ఒక్కసారిగా భారీ వర్షం పడితే మొక్కలు ఒకటి రెండు రోజుల్లోనే వాడిపోవచ్చు. అది ఏ శిలీంధ్రమూ కారణం కాని పారావిల్ట్ కావచ్చు, ఫ్యుజేరియం వడలు తెగులూ కావచ్చు. మొదటిదైతే శిలీంధ్రనాశనిపై పెట్టే ఖర్చు వృథా. కాండం అడ్డుకోతలో, దారునాళాలలో శిలీంధ్ర తంతువులున్నాయా లేవా అన్నది ఈ నిర్ణయానికి ముఖ్య ఆధారం. ఆ స్లైడును స్కాన్ చేసి దూరాన ఉన్న నిపుణునికి పంపడం నేడు సాధ్యమే. అయితే స్లైడులోని లోపాన్ని స్కానరు సరిదిద్దదు.

సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న శాస్త్రవేత్త మరను తిప్పుతూ పై పొరను, కింది పొరను వేర్వేరుగా చూడగలడు. స్కానరు సాధారణంగా ఒకే తలాన్ని చిత్రిస్తుంది. 20 రెట్ల కటకానికి స్పష్టంగా కనిపించే లోతు సుమారు 1 మైక్రాన్ మాత్రమే. వైద్య పాథాలజీలో 3 నుంచి 5 మైక్రాన్ల సెక్షన్లు తీస్తారు. మొక్కల సెక్షన్లు సాధారణంగా అంతకన్నా మందం. మడత పడితే ఆ భాగం మసకబారక తప్పదు. కవరుగాజుపై ధూళి ఉంటే స్కానరు కణజాలాన్ని వదిలి ధూళినే ఫోకస్ చేయవచ్చు.

అసలు చిక్కు పొలంలోనే మొదలవుతుంది. వాడిన కాండాన్ని పాలిథీన్ సంచిలో మరునాటి వరకు ఉంచితే కుళ్లు శిలీంధ్రాలు పెరుగుతాయి. తెరపై అవి తెగులుగా భ్రమ కలిగిస్తాయి. కనుక 70 శాతం ఆల్కహాలు 90 పాళ్లు, ఫార్మలిన్ 5, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 5 పాళ్లు కలిపిన ద్రావణాన్ని చేనికే తీసుకువెళ్లి, చిన్న ముక్కలను అక్కడే అందులో వేయాలి. తరువాత ఆల్కహాలుతో నీటిని పూర్తిగా తొలగించకపోతే మైనం లోపలికి ఇంకదు, సెక్షన్ చిరుగుతుంది. ముదిరిన పత్తి కాండానికి మైనం లేకుండా స్లైడింగ్ మైక్రోటోమ్ వాడడమే మేలు.

సఫ్రానిన్, ఫాస్ట్ గ్రీన్ రంగుల గాఢత ఒక్కో విడతకు మారితే, కంప్యూటరు తెగులుకు బదులు ప్రయోగశాల రంగునే నేర్చుకునే ప్రమాదముంది. ప్రతి విడతలో ఆరోగ్యవంతమైన కాండం స్లైడు ఒకటి చేర్చడం ఇందుకు చవకైన రక్షణ.

గాజు స్లైడు చదివిన వ్యక్తే కనీసం 2 వారాల తరువాత తెరపై చిత్రాన్ని చదివి, రెండు నిర్ణయాలను పోల్చాలని, అందుకు కనీసం 60 కేసులు తీసుకోవాలని అమెరికా పాథాలజిస్టుల కళాశాల సూచించింది. మొక్కల స్లైడ్లకూ ఇది అనుసరణీయం. మడత దారునాళాలపైనే పడితే ఆ స్లైడును పంపక, అదే ముక్క నుంచి మరో సెక్షన్ తీయాలి. అందుకే నమూనాలో కొంత భాగాన్ని ద్రావణంలోనే మిగిల్చి ఉంచాలి.