మన పిల్లలకు చట్టం గురించి ఆలోచించడం నేర్పుదాం

దాతల సహాయంతో ఏటా మన పిల్లలకు పుస్తకాలు, ఫీజులు అందుతున్నాయి. ఆ సహాయానికి ఇంకొక చిన్న అంశం జోడించమని కోరడానికే ఈ వ్యాసం. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే పిల్లలకు చట్టం ఎలా తయారవుతుందో, ప్రజాప్రతినిధి పని ఏమిటో ఆలోచించే అలవాటు చేయాలి. ఈ విషయాలు సాంఘికశాస్త్రంలో ఉన్నాయి. పిల్లలు మార్కుల కోసం చదువుతారు, పరీక్ష కాగానే మరచిపోతారు. ఆ పాఠానికీ తమ ఇంటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పకపోవడమే కారణం.

సంబంధం ఎంత దగ్గరిదో చూడండి. ఒకే బెంచీ మీద ముగ్గురు ముస్లిం పిల్లలు కూర్చుంటారు. షేక్ కుటుంబం పిల్లవాడిది బీసీ-ఈ. దూదేకుల పిల్లవాడిది బీసీ-బీ. సయ్యద్ పిల్లవాడు ఓసీ. ముగ్గురూ ఒకే మసీదుకు వెళతారు, మరి సర్టిఫికెట్లు ఎందుకు వేరు? ఈ ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది.

2004లో రాష్ట్ర ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు జారీ చేసింది. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2005లో మళ్లీ ప్రయత్నం జరిగింది, అదీ నిలవలేదు. మతం పేరుతో అందరికీ కలిపి ఇవ్వడం కుదరదని, ఏయే వర్గాలు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడ్డాయో అధ్యయనం చేసి తేల్చాలని అప్పుడు తెలిసివచ్చింది. ఆ తరువాత బీసీ కమిషన్ పరిశీలన జరిగి, వెనుకబడిన ముస్లిం వర్గాల జాబితాతో 2007లో శాసనసభ 4 శాతం చట్టం చేసింది. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వర్గాలు అందులో లేవు. దూదేకులవారు అంతకు ముందే బీసీ-బీలో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో 4 శాతం కొనసాగింది.

మన పిల్లలకు ఇంజనీరింగులోనో, మెడిసిన్‌లోనో సీటు తెచ్చిన ఆ కాగితం వెనుక ఇంత నడిచింది. ఉత్తర్వుకీ చట్టానికీ తేడా, సర్వే లెక్కల విలువ, కోర్టు అడిగే ప్రశ్నలు అన్నీ ఆ ఒక్క కాగితంతో నేర్పవచ్చు. హక్కు ఎలా వచ్చిందో తెలియనివారికి దాన్ని నిలబెట్టుకోవడమూ తెలియదు.

ఇక ప్రతినిధుల సంగతి. దీనికి మన ఊరే మంచి పాఠం. ఇబ్రహీంపట్నం కలిసిన కొండపల్లి మున్సిపాలిటీలో 29 వార్డులు. 2021 నవంబరు ఎన్నికల్లో రెండు పార్టీలకు చెరి 14 వచ్చాయి, ఒక వార్డు స్వతంత్ర అభ్యర్థిది. ఆ సభ్యురాలు ఒక పక్షంలో చేరడంతో బలం 15, 14 అయింది. ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎంపీ ఒకవైపు, ఎమ్మెల్యే మరొకవైపు. ఎంపీ ఓటు చెల్లితే 16–15, చెల్లకపోతే 15–15. ఆ ఓటు ఇక్కడ చెల్లుతుందా అన్న వివాదం హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆదేశంతో ఎన్నిక జరిగినా ఫలితం ప్రకటించలేదు. ఛైర్మన్ ఎవరో తేలేసరికి 2025 వచ్చింది. ఎవరు గెలిచారన్నది మనకిక్కడ ముఖ్యం కాదు. ఒక్క వార్డు, ఒక్క ఓటు, చట్టంలోని ఒక్క నిబంధన ఊరి పాలనను ఎంత కాలం ఆపగలవో మన పిల్లలు కళ్లారా చూశారు. ఆ చూసినదాన్ని చదువుగా మార్చడమే పెద్దల పని.

ఎలా? నెలకో ఆదివారం చాలు. ఒక వారం పైన చెప్పిన రిజర్వేషన్ చరిత్ర. మరో వారం 29 మంది పిల్లలతో నమూనా కౌన్సిల్: కాలువ పూడిక, వీధి దీపం, తాగునీరు వంటి అంశం పెట్టి, ఉన్న డబ్బు ముందు దేనికి వాడాలో వాదించుకుని ఓటు వేయాలి. ఓడినవారు తీర్పుకు కట్టుబడాలి, తమ అభ్యంతరం మాత్రం రాయించుకోవచ్చు. మన ఇళ్లలో మష్వరా అంటే పిల్లలకు తెలుసు. నలుగురి మాట విని నిర్ణయించే ఆ పద్ధతికి రాతపూర్వక నియమాలు తోడైతే సభ అవుతుంది.

ఇంకో వారం సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టం పౌరులందరికీ ఈ హక్కు ఇచ్చింది, 18 ఏళ్లు నిండాలన్న షరతు లేదు. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. “మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు” అని అడిగితే జవాబు తప్పించుకోవచ్చు. “ఈ ఏడాది మంజూరైన రోడ్ల జాబితా, అంచనా మొత్తం, నకలు ఇవ్వండి” అని అడిగితే కాగితం ఇవ్వాల్సిందే. సరిగా అడగడం ఒక విద్య. 17 ఏళ్లు నిండినవారు ఓటరు నమోదుకు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చని కూడా అప్పుడే చెప్పాలి.

ప్రభుత్వం కూడా 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ జరిపింది. నియోజకవర్గానికి ఒకరే వెళ్లగలిగారు. మిగిలిన పిల్లల సంగతి మనమే చూసుకోవాలి. వెలగపూడిలోని శాసనసభ కృష్ణకు అవతలి ఒడ్డునే ఉంది, అనుమతి తీసుకుని ఒక బస్సులో పిల్లలకు చూపించి రావచ్చు.

“రాజకీయాలు మన పిల్లలకెందుకు” అని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అందుకే ఈ తరగతుల్లో పార్టీ జెండా, నాయకుల పేరుతో నినాదం ఉండకూడదు. చట్టం తెలిసిన పిల్లవాడు రెచ్చగొట్టే మాటకు తొందరపడడు, ముందు కాగితం చూపమంటాడు. ఆడపిల్లలను ఈ తరగతులకు తప్పక పంపాలి. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మన రాష్ట్రంలో మహిళలవి. రేపు ఆ కుర్చీల్లో కూర్చునేవారు నేడే మాట్లాడటం నేర్చుకోవాలి.

దాతలకు నా మనవి ఒక్కటే. ఒక పిల్లవాడి ఫీజు కడితే ఒక ఇల్లు నిలబడుతుంది. ఆ పిల్లవాడికి చట్టం చదవడం కూడా నేర్పితే వీధిలో పది ఇళ్లకు అర్జీ రాసి పెడతాడు. ఒక గది, కొన్ని పుస్తకాలు, ఏడాదికొక బస్సు, వీలైతే నెలకొకసారి వచ్చే ఒక న్యాయవాది ఉంటే ఇన్షా అల్లాహ్ వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఇది మొదలుపెట్టవచ్చు.