మధుమేహము – రక్తప్రవాహము

మధుమేహమనగా మూత్రములో చక్కెర పోవుటయే యని మనలో పెక్కురు తలంతురు. పేరునుబట్టి యట్లు తోచుట సహజమే. కాని యీ వ్యాధి రక్తము పారెడి తీరునే మార్చును. ప్రయోగశాలలోని జంతువులవలన తెలిసిన యీ సంగతిని నేడు మీకు విన్నవించెదను.

1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అను వైద్యులు ఒక కుక్కకు క్లోమమను గ్రంథిని తీసివేయగా, దానికి మధుమేహము కలిగెను. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఆ గ్రంథినుండియే యొక ఔషధమును రాబట్టి, అట్టి కుక్కల రక్తములోని చక్కెరను తగ్గించిరి. అదియే ఇన్సులిన్. తరువాత కోతతో పనిలేకయే, ఇన్సులిన్ పుట్టించు కణములను చంపెడి మందులు దొరకినవి. 1943లో అలొక్సాన్, 1963లో స్ట్రెప్టోజోటోసిన్ అట్టివని తెలిసెను. ఈ మందులిచ్చిన ఎలుకల రక్తమును ఆరోగ్యముగల ఎలుకల రక్తముతో శాస్త్రజ్ఞులు పోల్చి చూచిరి.

నీరు పారినట్లు ఆముదము పారదు గదా! రక్తమునకును అట్టి చిక్కదనము కలదు, దానిని కొలువవచ్చును. మధుమేహము గల ఎలుకలలో ఆ చిక్కదనము హెచ్చుట పెక్కు పరిశోధనలలో కానవచ్చినది.

ఇందుకు ముఖ్యకారణములు మూడు. మొదటిది ఎర్రకణముల బిరుసుదనము. మనుష్యుని ఎర్రకణము వెడల్పు మిల్లీమీటరులో వేయింట ఏడెనిమిది వంతులు. అది దూరవలసిన సన్నని నాళములు కొన్ని అంతకంటె ఇరుకైనవి. కణము తడితోలువలె వంగి, ముడుచుకొని ఆ దారిని దాటును. రక్తములో చక్కెర చిరకాలము హెచ్చియున్నచో, అది కణములోని మాంసకృత్తులకు అంటుకొనును. అప్పుడు కణము ఎండుతోలువలె బిరుసెక్కును. రెండవది, మూత్రము అధికముగా పోవుటచే ఒంటిలోని నీరు తగ్గుట. మూడవది, రక్తద్రవములో ఫైబ్రినోజెన్ అను పదార్థము పెరిగి, కణములు నాణెముల దొంతరవలె ఒకదానినొకటి అంటుకొనుట. అయితే ఎలుక రక్తమునకు ఈ దొంతర కట్టు గుణము మన రక్తమునకంటె చాల తక్కువ. కనుక ఎలుకలో చూచినదెల్ల మనకు అట్లే వర్తించునని నేననను. కాని మధుమేహరోగుల రక్తమును పరీక్షించినప్పుడును ఇట్టి మార్పులు కనబడినవి.

ఇక మనకు కావలసిన మాట. సన్నని నాళములు కంటిలోను, మూత్రపిండములలోను మిక్కిలిగా నుండును. అందుచే ఆ యవయవములకు ముందుగా ముప్పు కలుగును. పాదముల సంగతి వేరు. అచట నాళముల గోడలు చెడి రక్తము చాలదు. నరములు మొద్దుబారి ముల్లు గ్రుచ్చుకొన్నను నొప్పి తెలియదు. పుండు మానక, తుదకు పాదమునే తీసివేయవలసి వచ్చుట కలదు.

ఇన్సులిన్ ఇచ్చిన ఎలుకలలో పైమార్పులు కొంతవరకు తగ్గినవి. కనుక చక్కెరను అదుపులో నుంచుట వృథా కాదు. ఈ వ్యాధి గలవారు వైద్యుని మందును మానరాదు. చెప్పులు లేక పొలమునకు పోరాదు. ప్రతి రాత్రియు దీపపు వెలుతురున అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను చూచుకొనవలెను. చూపు ఆననివారు ఇంటివారిచే చూపించుకొనవలెను. చిన్న పుండు కనబడినను, నొప్పిలేదని ఊరకుండక మరునాడే ఆసుపత్రికి పోవుడని నా మనవి.