ముసలితనము ఏ ఊరిలో?

ఉద్యోగ విరమణ దగ్గర పడినప్పుడు మన ఇళ్ళలో పింఛను లెక్కలు బాగానే జరుగుతాయి. ఇకమీదట కాపురము ఎక్కడన్న మాట మాత్రము భార్యాభర్తలు చివరిదాకా ఎత్తరు. మేమూ ఎత్తలేదు. మన రాష్ట్రములో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 60కి, 2022లో 62కి పెరిగినందున మాకు నాలుగేళ్ళ గడువు అదనముగా దొరికింది. దానినీ పోగొట్టుకున్నాము.

మాలో ఒకరిది కళ్యాణదుర్గము పక్క పల్లె, ఒకరిది బాపట్ల. కాపురము చేసినదంతా కర్నూలులో. బెంగుళూరులో కుమారుని ఇల్లు, బాపట్లలో తోబుట్టువులు, లేదా కళ్యాణదుర్గము. ఈ మూడవ పేరు చెప్పగానే బంధువులు నవ్వారు. నవ్వరా మరి? నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య వానలు ఇంత దూరము వచ్చేసరికి సన్నగిల్లుతాయి. జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగను నమ్ముకున్న ఇళ్ళ పిల్లలు బెంగుళూరుకు కట్టుబడి పనులకు పోతుంటే, పెద్దవాళ్ళు ఎదురు బస్సెక్కి ఇక్కడికి రావడమేమిటని వారి ప్రశ్న.

వచ్చినవారు లేకపోలేదు. స్పెయిను దేశస్థుడు ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి, మరుసటి ఏడు ఆన్ గారిని వివాహమాడి, 2009లో కన్నుమూసేవరకు ఈ జిల్లానే తన ఊరు చేసుకున్నారు. వారు స్థాపించిన ఆర్.డి.టి. సంస్థ ఆసుపత్రి ఒకటి కళ్యాణదుర్గములో ఉంది. ఈ సంగతి తరువాత మాకు అక్కరకు వచ్చింది.

ముందు బెంగుళూరే వెళ్ళాము. కుమారుడు, కోడలు మంచివారు. గది, మంచము, టి.వి. అన్నీ అమర్చారు. ఎనిమిది నెలలున్నాము. ఒక రాత్రి మాలో ఒకరికి షుగరు పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పిల్లలిద్దరూ ఊరిలో లేరు. ఎదురింటి తలుపు కొడదామంటే వారి పేరైనా మాకు తెలియదు. మూడంతస్తులు దిగి కావలివానిని లేపాము. అతడే పంచదార నీళ్ళు కలిపి తెచ్చి, ఆటో పిలిచి, తెల్లవారేదాకా ఆసుపత్రిలో మా పక్కన కూర్చున్నాడు. మాటల్లో తెలిసింది, అతనిది కంబదూరు మండలమట! ఆనాటినుండి ఏ ఊరి మాట వచ్చినా మేము ఒక్కటే అడుగుకున్నాము: అర్ధరాత్రి తలుపు తడితే తీసేవారెవరు?

బాపట్లలో నీళ్ళకు కొదువ లేదు. కాని అక్కడి తోబుట్టువులు మా ఈడువారే, వారి పిల్లలు హైదరాబాదులో. ఆ ఉక్కపోత కూడా ఇప్పుడు మాకు పడదు.

పల్లెకే పోదామని మాలో ఒకరు పట్టుబట్టారు. తాతల ఇల్లు, మూడెకరాల పొలము మరి. రెండవవారు ససేమిరా అన్నారు. అది న్యాయమే. అక్కడి బోరు నీటిలో ఫ్లోరైడు, పొద్దుగూకితే బస్సు లేదు. కొన్ని రోజులు మాటలు లేకుండా గడిచాయి. చివరకు కళ్యాణదుర్గము టౌనులో, మందిరానికీ ఆసుపత్రికీ నడిచిపోగల వీధిలో, పెద్ద సంపు ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాము. పొలము కౌలుకిచ్చాము. ఒక వేసవి గడిచేదాకా కర్నూలు ఇల్లు అమ్మకూడదన్నది ఇల్లాలి షరతు. ఇలాంటి ఆలోచనలో ఉన్నవారు ఈ షరతు తప్పక పెట్టుకోండి. ఊరిని డిసెంబరులో చూసి మురిసిపోకండి, మే నెలలో వెళ్ళి చూడండి. మేము ఆ మేలో ట్యాంకరు నీళ్ళు కొన్నాము, బియ్యము కడిగిన నీళ్ళు కూడా మొక్కలకే పోశాము. అయినా రాత్రి మేడమీద చల్లని గాలి వీచేది.

ఇప్పుడు ఒకరము పొద్దున పూట ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాము, ఒకరము ఇంట్లో జాకెట్లు కుడతాము. కూరగాయల ఖర్చు వస్తుంది. వీధిలో అందరికీ మా పేర్లు తెలుసు.

కుమారుడు మాత్రము నొచ్చుకున్నాడు. “నేనేమి తక్కువ చేశాను నాన్నా?” అన్నాడు. దావీదు రాజు తనతో యెరూషలేముకు రమ్మని పిలిచినా, ఎనుబదేండ్ల బర్జిల్లయి తన తలిదండ్రుల సమాధి ఉన్న ఊరికే తిరిగి పోతానన్న సంగతి చెప్పాము. “ఆయనకు షుగరు లేదు గదా!” అన్నాడు. జవాబు దొరకలేదు. ఇప్పుడు నెలకొకసారి వచ్చి మాత్రల డబ్బా లెక్క చూసి పోతున్నాడు.

ఇంకొక మాట మిగిలింది. మాలో ఒకరు ముందుగా ప్రభువు పిలుపు అందుకుంటే రెండవవారు ఎక్కడ ఉండాలి? మొన్న సంపు కడుగుతూ ఆ మాట ఎత్తాము. కళ్యాణదుర్గము వారు ఇక్కడే అన్నారు. బాపట్ల వారు ఇంకా జవాబు చెప్పలేదు.