మీ జబ్బు కాగితం మీ చేతిలోనే ఉండాలి
ఆస్పత్రి ప్రింట్లు, జిరాక్సులు తీసుకునేటప్పుడు జాగ్రత్తలు

ఆరోగ్యశ్రీ, ముఖ్యమంత్రి సహాయనిధి, చేయూత పింఛను లబ్ధిదారులకు

కొన్నాళ్ల కింద ఒక బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు కొన్నాను. తింటుంటే పొట్లం కాగితం మీద చూపు పడింది. అది ల్యాబ్ రిపోర్టు. పైన మనిషి పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు ఉన్నాయి. కింద రక్త పరీక్ష ఫలితం ఉంది. ఆ ఊరి నుంచి రోజూ వందల మంది ఆ బస్టాండుకు వస్తారు. నాకు కాకుండా ఆ పొట్లం వాళ్ల పక్కింటివాళ్ల చేతికి వెళ్లి ఉంటే?

ఆ కాగితాన్ని ఎవరూ దొంగతనం చేసి ఉండరు. ప్రింటు సరిగా రాలేదని ఇంకోటి తీసి, మొదటిది దుకాణంలోనే వదిలేసి ఉంటారు. తర్వాత పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లి ఉంటుంది. మన కాగితాలు ఎక్కువగా ఇలాగే బయటికి పోతాయి.

ఒక్క కాగితంతో ఏమవుతుంది?

డిశ్చార్జి సమ్మరీలో మీ జబ్బు, చేసిన ఆపరేషను, వాడుతున్న మందులు అన్నీ ఉంటాయి. దానికి ఆధార్, ఆహార భద్రత కార్డు, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు జత చేస్తే ఇంటి వివరాలన్నీ ఒకే కట్టలో ఉన్నట్టే.

దీంతో రెండు రకాల నష్టం. మొదటిది మాట. టీబీ అనో, హెచ్ఐవీ అనో, మానసిక సమస్య అనో ఊళ్లో తెలిస్తే పెళ్లి సంబంధం ఆగిపోవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయమనొచ్చు, పని పోవచ్చు. రెండోది డబ్బు. మీ పేరు, జబ్బు, ఆస్పత్రి తెలిసినవాడు "మీ ఆరోగ్యశ్రీ డబ్బులు వచ్చాయి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేస్తే నిజమే అనిపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆరోగ్యశ్రీ డబ్బు ఆస్పత్రికి వెళ్తుంది. దాని కోసం మీకు ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడు మోసగాడే.

నెట్ సెంటర్‌లో చేయాల్సినవి

1. ఎన్ని కాపీలు కావాలో ముందే చెప్పండి. ప్రింటు వస్తున్నంతసేపు అక్కడే ఉండండి. "మీరు టీ తాగి రండి, తీసి పెడతా" అన్నా వెళ్లొద్దు.

2. పాడైన ప్రింటు, ఎక్కువైన ప్రింటు కూడా అడిగి తీసుకోండి. దానికి డబ్బు ఇచ్చింది మీరే, అది మీదే. మధ్యలో కాగితం ఇరుక్కుంటే బయటికి తీసిన ముక్కను కూడా తీసుకోండి. కొన్నిసార్లు ప్రింటరు సరిచేశాక ఆగిన ప్రింటు మళ్లీ వస్తుంది. ఒక నిమిషం ఆగి చూసి బయలుదేరండి.

3. జిరాక్స్ అయ్యాక మిషన్ మూత ఎత్తి చూడండి. ఒరిజినల్ అద్దం మీదే మర్చిపోవడం చాలామందికి జరుగుతుంది.

4. ఫైలు దుకాణం వాళ్ల వాట్సాప్‌కు పంపితే, ప్రింటు కాగానే మీ ఫోన్‌లో ఆ మెసేజ్‌ను "అందరికీ డిలీట్" చేయండి. కంప్యూటర్‌లోకి దిగిన ఫైలు దాంతో పోదు. డౌన్‌లోడ్స్‌లో నుంచి, రీసైకిల్ బిన్‌లో నుంచి మీ ముందే తీసేయమనండి. "అన్నా, ఆస్పత్రి కాగితం, కొంచెం డిలీట్ చేయవా" అంటే ఎక్కువమంది చేస్తారు.

5. దుకాణం కంప్యూటర్‌లో మీ వాట్సాప్ తెరిస్తే, వెళ్లే ముందు మీ ఫోన్‌లో "లింక్డ్ డివైసెస్" చూసి లాగౌట్ చేయండి. లేకపోతే మీరు ఇంటికి వెళ్లాక కూడా మీ మెసేజ్‌లు అక్కడ కనిపిస్తూనే ఉంటాయి.

6. ప్రతి జిరాక్స్ మీద "సీఎం సహాయనిధి దరఖాస్తు కోసం మాత్రమే" అని పని పేరు, తేదీ రాసి సంతకం పెట్టండి. రాత కొంచెం అక్షరాల మీదుగా పోవాలి, కానీ వివరాలు చదవడానికి రావాలి. ఇది జిరాక్సుల మీదే. ఒరిజినల్ మీద ఏమీ రాయొద్దు.

7. పూర్తి ఆధార్ నంబరు అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఈ రకం ఎంచుకోవచ్చు.

ఆస్పత్రిలో చేయాల్సినవి

కౌంటర్‌లో కాగితం ఇవ్వగానే పేరు, వయసు, ఊరు చూసుకోండి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు రోగులు ఉండటం మామూలే. వేరేవాళ్ల కాగితం మీ ఫైల్లోకి వస్తే వాళ్ల గుట్టు బయటపడుతుంది, మీ వైద్యమూ తప్పుతుంది. అలాంటిది కనబడితే ఫొటో తీయొద్దు, వెంటనే తిరిగి ఇచ్చేయండి.

పది మందిలో మీ జబ్బు పేరు గట్టిగా అడిగితే "పక్కకొచ్చి చెప్తాను" అనొచ్చు. డాక్టర్‌కు మాత్రం ఏదీ దాచొద్దు. ఆరోగ్యమిత్ర అడిగిన కాగితాలు కూడా ఇవ్వండి, అవి లేకపోతే మీ కేసు ముందుకు కదలదు. గోప్యత అంటే వైద్యం చేసేవాళ్ల దగ్గర దాచడం కాదు. పనిలేని వాళ్లకు తెలియకుండా చూసుకోవడం.

చట్టం మీ వైపే ఉంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. హెచ్ఐవీ ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తోంది. అలాంటి రికార్డులు ఉంచే సంస్థలు వాటిని భద్రపరచాలని కూడా అదే చట్టం చెబుతోంది. మానసిక వైద్యం తీసుకునేవారికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత హక్కు ఇచ్చింది. గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు, వివరాలను డాక్టర్ చట్టం అనుమతించని వారికి చెబితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

టీబీ సంగతి కొంచెం వేరు. టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. ఆరోగ్య సిబ్బంది మీ ఇంటికి రావడం, మీ వివరాలు నిక్షయ్‌లో నమోదు కావడం అందుకే. ఆ నమోదుతోనే పోషణ సాయం కూడా వస్తుంది. అది గుట్టు బయటపెట్టడం కాదు. అదే కాగితం వీధిలో తిరిగితే మాత్రం తప్పే.

ఇంట్లో ఎలా దాచాలి?

డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు, ఒరిజినల్ బిల్లులు పారేయొద్దు. తర్వాతి వైద్యానికి, సహాయనిధి దరఖాస్తుకు అవి కావాలి. అన్నీ ఒకే కవర్‌లో పెట్టండి. బయట జబ్బు పేరు రాయొద్దు, మీ పేరు చాలు. అక్కర్లేని జిరాక్సులను పాత పేపర్ల వాళ్లకు వేయకుండా, పేరు, నంబరు ఉన్న చోట అడ్డంగా నిలువుగా చిన్న ముక్కలుగా చింపేయండి.

కాగితం బయటికి పోతే?

మొదట అది ఎక్కడ మిగిలిందో వెతికి వెనక్కి తెచ్చుకోండి. ఎవరైనా గ్రూపులో పెడితే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, తీసేయమని చెప్పండి. ఆస్పత్రి నుంచి పోతే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెట్టండి. అర్జీలో జబ్బు పేరు రాయనవసరం లేదు. "నా వైద్య వివరాలు" అంటే చాలు.

ఈ నంబర్లు ఫోన్‌లో వేసుకోండి

ఆరోగ్యశ్రీ సమాచారం, ఫిర్యాదులు: 104
ఆన్‌లైన్ డబ్బు మోసం: 1930
ఆధార్: 1947
హెచ్ఐవీ సమాచారం: 1097
మానసిక ఆరోగ్య సహాయం, టెలీ మానస్: 14416

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి నెట్ సెంటర్ వాళ్లకు కూడా పంపండి. ప్రింటరు పక్కన మిగిలిన కాగితాన్ని సాయంత్రానికి చింపేసే దుకాణం ఊళ్లో ఒక్కటి ఉన్నా, ఎన్నో ఇళ్ల గుట్టు నిలుస్తుంది.